బొటనవేలితో తోసిన వాగ్దానం

మా సంఘంలో దేవుడి వాగ్దానాలన్నీ నా చేతిరాతలోనే ఉండేవి. గొప్ప చెప్పుకోవడం కాదు, అది నా పని. ఏటా డిసెంబరు చివరి వారంలో పాస్టరు అయ్యగారు నా చేతికి నాలుగు చార్టు పేపర్లు, రెండు స్కెచ్ పెన్నులు ఇచ్చేవారు. ఆ పేపర్లను పేకముక్కలంత కత్తిరించి ఒక్కో ముక్క మీద ఒక్కో బైబిలు వాక్యం రాసేదాన్ని. జనవరి ఒకటో తారీకు పొద్దున ఆరాధన అయిపోయాక ఆ ముక్కల్ని స్టీలు పళ్ళెంలో బోర్లా పరిచి సంఘం ముందు తిప్పేవాళ్ళం. మనిషికి ఒకటి. వెతకకూడదు, మార్చుకోకూడదు, పక్కవాళ్ళది బాగుందని మొహం ముడుచుకోకూడదు. చేతికి వచ్చిందే ఆ ఏడాదికి దేవుడు నీకిచ్చిన మాట. కొందరు దాన్ని తలుపు వెనక అంటించుకునేవాళ్ళు, కొందరు దిండు కింద పెట్టుకునేవాళ్ళు.

మా ఊరు కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యేచోట ఉంటుంది. చర్చి రోడ్డు పక్కనే, రేకుల కప్పు. నవమి రోజుల్లో మేము లోపల పాడుతుంటే భద్రాచలానికీ పర్ణశాలకీ పోయే జీపుల హారన్లలో మా పాట మాకే వినపడేది కాదు. నలభై చిల్లర కుటుంబాలం. అడవి లోపలి గూడేల నుంచి నడిచి వచ్చే కోయవాళ్ళు కొందరు, మిగతా అందరూ మా వాడవాళ్ళే. నాన్న దర్జీ, సంఘ పెద్ద కూడా. నేను టీచరు ట్రైనింగు పూర్తిచేసి, ఉద్యోగం రాక, ఒక గూడెం బడిలో విద్యా వాలంటీరుగా చేరి రోజూ సైకిల్ మీద పోయి వచ్చేదాన్ని. రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్ళయిన రోజులవి.

దేవుడి మీద అనుమానం ఎలా మొదలైందని ఎవరైనా అడిగితే కత్తెరతో మొదలైందని చెబుతాను. పెద్ద కష్టం ఏదో వచ్చి ఆకాశం వైపు చూసి నిలదీసినదాన్ని కాను. మొదటి ఏడాది అయ్యగారు నేను రాసినవన్నీ తిరగేసి ఆరు కార్డులు పక్కన పెట్టారు. "గద్దింపులు వద్దమ్మా, కొత్త సంవత్సరం పూట భయపడతారు. ఆశీర్వాదాలే రాయి" అన్నారు. ఆయన కృష్ణా జిల్లా నుంచి వచ్చినవారు, మాట మెత్తన. సరేనని ఆశీర్వాదాలే రాశాను. నూట నలభై కార్డులు కావాలి. మంచి మంచివి ఓ ముప్ఫై రాసేసరికి నాకు తెలిసినవి అయిపోయాయి. తర్వాత అవే మళ్ళీ మళ్ళీ రాశాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక నిద్ర ముంచుకొచ్చి చిన్నచిన్నవి ఏరుకుని రాశాను. ఎవరి ఏడాది ఎలా ఉండాలో నా నిద్రమత్తు నిర్ణయించింది.

మా సంఘంలో డెబ్బై దాటిన విధవరాలు ఉండేది, పిల్లలు లేరు. ఆమెకు ఒక ఏడు నీ ఇంటినిండా పిల్లలుంటారనే కార్డు వచ్చింది. పాపం, చదువు రాదు, చదివి చెప్పమని నా దగ్గరకే వచ్చింది. చదివాను. "నాకా?" అంది. అయ్యగారిని అడిగితే ఆత్మీయ సంతానం అన్నారు. ఇంకో ఏడు ఒక కోయ ఆయనకు నీకు భూమి ఇస్తాననే కార్డు వచ్చింది. ఆ ఎండాకాలం ఆయన ధైర్యంగా అడవిలో ఇంకో ఎకరం పోడు కొట్టాడు. ఫారెస్టువాళ్ళు వచ్చి అడ్డంగా కందకం తవ్వారు. తర్వాతి జనవరికి ఆయన మళ్ళీ వచ్చి అదే పళ్ళెంలో చేయి పెట్టాడు. ఈసారి ఏం వచ్చిందని అడిగాను. "ఓపిక పట్టమన్నడు పంతులమ్మా" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఒళ్ళు మండింది, ఎవరి మీదో తెలియలేదు. ఆ రెండు కార్డులూ నేనే రాశాను కదా.

ఇవి ఎవరికీ చెప్పలేదు. సంఘ పెద్ద కూతురు, సండేస్కూలు టీచరు, అలాంటిది నోరు తెరిచి నాకు నమ్మకం పోయిందంటే నాన్న తల ఎత్తుకోలేడు. పాటలు పాడేదాన్ని, స్తోత్రం అనాల్సినచోట అనేదాన్ని. అమ్మకు మాత్రం చెప్పకుండానే తెలిసిపోయింది.

"పాటలు ఉత్త పెదాలతోటి అంటున్నవేంది?" అని అడిగింది ఒక ఆదివారం, ఇంటికి నడిచి వస్తూ.

"గొంతు నొప్పి" అన్నాను.

"ఎన్ని రోజుల గొంతు నొప్పి బిడ్డా అది?" అంది.

ఆ ఏడు దసరా దాటాక అమ్మకు దగ్గు పట్టుకుంది. దవాఖానాలో తెమడ పరీక్ష చేసి టీబీ అన్నారు. ఆరు నెలలు మందులు. మొదటి రెండు నెలలు రోజు విడిచి రోజు అంగన్‌వాడీ టీచరు ఇంటికి పోయి ఆమె కళ్ళ ముందే ఏడు గోలీలు మింగాలి. తర్వాతి నాలుగు నెలలు వారానికి ఒకసారి ఆమె ముందు మింగి, మిగతా మందుల అట్ట ఇంటికి తెచ్చుకుని, మింగాక ఖాళీ అట్ట తిరిగి ఇవ్వాలి. ఆ మందులకు అమ్మ తట్టుకోలేకపోయింది. వాంతులు, కీళ్ళ నొప్పులు. మూత్రం ఎర్రగా వస్తే రక్తమనుకుని ఏడ్చింది. నాన్న మాట్లాడకుండా ఆమె కంచం, గ్లాసు వేరే గూట్లో పెట్టాడు. ఆ పని నాన్న చేసినందుకు ఇప్పటికీ నాకు కోపమే. క్రిస్మస్‌కు తను దాచుకున్న నీలం చీర తీసి నా చేతిలో పెట్టింది అమ్మ.

"నాకు ఇంక దేనికి? నువ్వు కట్టుకో" అంది.

నలభై ఆరేళ్ళ మనిషి. బతకాలన్న పట్టు ఆమెలో వదులైపోయిందని అర్థమైంది. అప్పుడే నాకు ఆ తెలివితక్కువ ఆలోచన వచ్చింది.

ఆ ఏడాది కార్డుల్లో అన్నిటికంటే ముందు ఒకటి రాశాను. నీ రోగం నేను బాగుచేస్తానని దేవుడు మాట ఇచ్చే వాక్యం. కుదురుగా, ఎర్ర పెన్నుతో, చుట్టూ చిన్న గీత గీసి రాశాను. జనవరి ఒకటిన ఆడవాళ్ళ వైపు పళ్ళెం పట్టుకునేది నేనే. ఆ కార్డును పళ్ళెం అంచున నా బొటనవేలి కింద నొక్కి పట్టుకున్నాను. అందరి ముందూ తిప్పుకుంటూ అమ్మ దగ్గరకు వచ్చేసరికి వేలితో దాన్ని ఆమె చేతికి తగిలేలా తోశాను. అమ్మ ఒక్క క్షణం నా మొహం చూసింది. కార్డు తీసుకుంది, తిప్పి చదివింది. కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. చుట్టుపక్కల ఆడవాళ్ళు చదివి హల్లెలూయ అన్నారు. దేవుడు చేయని పని నేను చేశానని లోపల ఎంత పొంగిపోయానో చెప్పలేను. సిగ్గు అనిపించలేదు. తర్వాత అనిపించింది, చాలా.

జనవరి అంతా ఇంట్లో పండగే. అమ్మ మొహం తేటపడింది. వాంతులు తగ్గాయి, అన్నం తింటోంది, పని చేసుకుంటూ పాటలు పాడుతోంది. ఆ కార్డును నాన్న కుట్టుమిషను ఎదురుగా గోడకు అంటించింది. నేను బడికి పోతూ దాన్ని చూసి మురిసిపోయేదాన్ని. ఫిబ్రవరి మధ్యలో ఒకరోజు జాకెట్టు హుక్కు ఊడితే సూది కోసం మిషను సొరుగు లాగాను. వెనక ఒక పాత పౌడరు డబ్బా ఉంది. మూత తీస్తే ఎర్ర క్యాప్సూల్స్, తెల్ల గోలీలు. దాదాపు నిండుగా ఉంది. వాంతులు ఎందుకు తగ్గాయో అప్పుడు తెలిసింది.

అమ్మ పెరట్లో చింతపండు గింజలు తీస్తోంది. డబ్బా తీసుకుపోయి ఆమె ముందు పెట్టాను.

"ఏందమ్మా ఇది?"

"చూసినవ్ గదా" అంది, తల ఎత్తకుండా.

"ఎప్పటి నుంచి మానేసినవ్?"

"వాగ్దానం వచ్చినకాడి నుంచి. సర్కారోళ్ళు ఉత్తగ ఇచ్చిన మందులు, పారెయ్యనీకి చేతులు రాలే. టీచరు ముందర ఏసుకునేటివి దవడకు పెట్టుకొని బయటికొచ్చి ఉమ్మేస్తున్న."

ఇంక దాచి లాభం లేదని చెప్పేశాను. "ఆ కార్డు దేవుడిచ్చింది కాదమ్మా. నేను పెట్టిన. నీకు ధైర్యం రావాలని నేనే నీ చేతికి తోసిన."

అమ్మ అప్పుడు తల ఎత్తింది. కోపం లేదు ఆ మొహంలో. "నీ బొటనవేలు నాకు కనబడలే అనుకున్నవా?" అంది.

తెలిసి కూడా ఎట్లా మానేశావని అడిగాను.

"ఆయన ఇయ్యడని నువ్వే ఇచ్చినవ్. నమ్మకం ఉన్నోళ్ళు పళ్ళెంల వేలు పెడ్తరా? గప్పుడే నాకు సమజైంది, నీ దగ్గర ఇంక ఏం మిగల్లేదని." గింజ తీసి పక్కన వేసింది. "మందులు మింగి బాగైతే మందులే బాగు చేసినయ్ అంటవ్. నీ సంగతి నాకు తెల్వదా? ఉత్తగ బాగైతే, గప్పుడు నమ్ముతవ్. నువ్వు రాసిన అబద్ధాన్నే ఆయన నిజం చేస్తడు, సూడు. నా రోగం గురించి నాకు రంది లేదు బిడ్డా. నీ రోగం గురించే."

కూతురి అనుమానానికి మందుగా తన ఊపిరితిత్తులు పెట్టింది మా అమ్మ. అరిచాను. ఆ వాడంతా వినపడేలా అరిచాను. నీకు పిచ్చా అన్నాను, చస్తావ్ అన్నాను. ఆమె చింతపండు గిన్నె దగ్గరకు లాక్కుని, "చస్తే నా దేవుని కాడికే పోత గదా" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో ఏమాత్రం వణుకు లేదు. అంత నమ్మకం ఉన్న మనిషి ఎదురుగా నిలబడితే ఎంత కోపం వస్తుందో, నమ్మకం పోయినవాళ్ళకే తెలుస్తుంది.

నాన్నకు చెప్పాను. మిషను ఆపి, "అయ్యగారిని పిలువ్" అన్నాడు. అయ్యగారు వచ్చారు. ఆయన మంచిగానే చెప్పారు. మందులు కూడా దేవుడిచ్చినవే, నేను మటుకు షుగరు గోలీలు మింగడం లేదా, అన్నారు. అమ్మ చేతులు కట్టుకుని "అవ్ అయ్యగారు, అవ్ అయ్యగారు" అంది. ఆయన గేటు దాటాక ఒక్క గోలీ ముట్టలేదు. గేటు బయట అయ్యగారు నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించారు.

"మీ అమ్మ నీ సంగతి చెప్పిందమ్మా. నీకు విశ్వాసం లేదని మాత్రం బయట ఎక్కడా అనకు. పిల్లలకు సండేస్కూలు చెప్పేదానివి. నువ్వు సంఘం ముందు నిలబడి, దేవుడు నీకేం చేశాడో ఒక్క సాక్ష్యం చెబితే ఆమె దారికొస్తుంది."

ఆయన అబద్ధం చెప్పమనలేదు. అనాల్సిన పని కూడా లేదు. లోపలికి పోయి అమ్మను సూటిగా అడిగాను, నేను నమ్మితే మందులు మింగుతావా అని.

"మింగుత. నువ్వు నమ్మినంక నాకు ఏదైతేంది?"

"నమ్మిన. ఇగ మింగు."

నవ్వింది. "నాకు చెప్తే గాదు. సంఘంల నిలబడి చెప్పు. సాక్ష్యంల ఎవలూ అబద్ధమాడరు."

సాక్ష్యంలో అబద్ధమాడేవాళ్ళను నేను కనీసం నలుగురిని చూపించగలను ఆమెకు. చూపించలేదు. పదిహేను రోజులు పంతం పట్టాను. ఎంత చిన్నదైనా, ఎంత చేదుగా ఉన్నా, ఆ అనుమానం ఒక్కటే నా సొంతంగా నేను సంపాదించుకున్నది. మిగతాదంతా పుట్టినప్పుడే నా మెడలో వేసి పెట్టారు. దాన్ని కూడా వీళ్ళ ముందు పెట్టేయాలా అని రోజూ సైకిలు తొక్కుతూ పళ్ళు కొరుక్కునేదాన్ని. సాయంత్రం ఇంటికొస్తే అమ్మ దగ్గు వాకిట్లోనే వినపడేది. జాకెట్లు వదులై భుజం మీంచి జారేవి. పౌడరు డబ్బా నేను చూశాక అక్కడి నుంచి మాయమైంది, ఎక్కడ దాచిందో ఎంత వెతికినా దొరకలేదు. అంగన్‌వాడీ టీచరుకు చెప్పేస్తానని బెదిరించాను. చెప్పు, దవాఖానాలో పడేసినా మింగనంది. ఆమె మొండితనం ఎంతటిదో చిన్నప్పటి నుంచి చూసినదాన్ని, నోరు మూసుకున్నాను.

మార్చి మొదటి ఆదివారం. ఎవరికైనా సాక్ష్యం ఉందా అని అయ్యగారు అడగ్గానే లేచి నిలబడ్డాను. నమ్మకం వచ్చిందని ఊరికే చెబితే అమ్మకు ఆనదు. కథ కావాలి. ముందు రోజే కట్టి పెట్టుకున్నాను. పోయిన వానాకాలం బడి నుంచి వస్తుంటే వాగు పొంగింది, అప్పటికి నాకు దేవుడి మీద నమ్మకం లేదు, చప్టా మీదికి సైకిలు దింపబోతుంటే వెనక నుంచి ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచారు, తిరిగి చూస్తే ఎవరూ లేరు, మళ్ళీ ముందుకు చూసేసరికి చప్టా మీద మనిషెత్తు నీళ్ళు. నిజానికి ఆ రోజు నా సైకిలు పంక్చరై గూడెంలోనే ఆగిపోయాను. ఎంత సులువుగా వచ్చేసిందో ఆ అబద్ధం. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ కళ్ళు తుడుచుకోవాలో ఇరవై ఏళ్ళుగా వింటూనే నేర్చుకున్నాను. చివర్లో నిజంగానే ఏడుపొచ్చింది, మరి దేనికో. మొత్తం సంఘం చప్పట్లు కొట్టింది. గూడెం నుంచి వచ్చిన ఒక ముసలామె నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆ చేతులు లాక్కుని బయటికి పరిగెత్తాలనిపించింది.

ఇంటికి రాగానే అమ్మ కాళ్ళు కడుక్కుని, మందుల అట్ట తెచ్చి నా ముందు కూర్చుంది. చెంబుతో నీళ్ళు తెచ్చుకుంది. ఒక్కొక్కటే నాకు చూపించి మింగింది. నాలుక చాపి మరీ చూపించింది, చిన్నపిల్లలా. నేను గెలిచాననుకున్నాను.

వానాకాలం ముగిసేసరికి పరీక్షలో రోగం లేదని తేలింది. మానేసిన రోజుల సంగతి దవాఖానాలో చెప్పి ఇంకొన్ని వారాలు మందులు ఎక్కువ వాడించాం. అమ్మ ఒళ్ళు చేసింది. నాన్న ఆమె కంచాన్ని మళ్ళీ మా కంచాల్లో కలిపాడు. అది చూసి నేను సంతోషపడ్డాను, నిజమే. కానీ ఆ సంతోషానికి పన్ను కట్టవలసింది నేనే అని అప్పటికి తెలియదు. అమ్మ సాక్ష్యం, నా సాక్ష్యం జంటగా పేరు పడ్డాయి. తల్లి రోగం, కూతురి అవిశ్వాసం రెండూ ఒకేసారి బాగయ్యాయని అయ్యగారు ప్రతి ఉజ్జీవ కూటంలో చెప్పేవారు. కొత్తగూడెం పిలిచారు, తల్లాడ పిలిచారు. అమ్మ పక్కన ఆ నీలం చీర కట్టుకుని కూర్చుని, వంతు రాగానే లేచి వాగు కథ చెప్పేదాన్ని. ఏడాదికేడాది వాగులో నీళ్ళు పెరిగాయి. ఒకసారి ఒక గేదె కూడా కొట్టుకుపోయింది. పెళ్ళి సంబంధాలవాళ్ళు కూడా వాగు దగ్గర దేవుడు పిలిచిన పిల్ల ఈమేనా అని అడిగేవాళ్ళు. వాళ్ళ ముఖాలు చూస్తే చేసుకోవాలనిపించేది కాదు. ఉద్యోగం వచ్చింది, పక్క ఊరి బడిలో వేశారు, అమ్మా నాన్నలతోనే ఉండిపోయాను.

ఏటా జనవరికి కార్డులు రాస్తూనే ఉన్నాను. నమ్మని దేవుడి తరఫున నమ్మే జనానికి మాటలిస్తూ, ఆ జనాన్ని చూసి లోలోపల ఏవగించుకుంటూ, వాళ్ళు అక్కా అని పిలిస్తే పలుకుతూ ఐదారేళ్ళు గడిపాను. ఏవగింపు ఎక్కువ నా మీదే. అనుమానపడేవాళ్ళకు మాట్లాడుకోవడానికి ఇంకొకరు కావాలి. నాకు ఉన్న ఒక్క మనిషి అమ్మ, ఆమెకు చెబితే ఆమె ఆరోగ్యం కింద నేను పెట్టిన పునాది లాగేసినట్టే. అందుకని నోరు మూసుకున్నాను.

ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి మా అరుగు మీద ఒక కోయ పిల్ల కూర్చుని ఉంది. ఒళ్ళో ఏడాది బిడ్డ, జ్వరంతో కాలిపోతోంది, కళ్ళు తేలేస్తోంది. అడవిలోంచి పొద్దున్నే బయలుదేరి నడిచి వచ్చిందట. రోడ్డెక్కితే భద్రాచలం దవాఖానాకు ఆటోలు దొరుకుతాయి. ఆమె రోడ్డెక్కి, ఆటోలను వదిలేసి, మా ఇంటికొచ్చి మధ్యాహ్నం నుంచి నా కోసం కూర్చుంది.

"నిన్ను దేవుడు పేరు పెట్టి పిలిచిండట గదక్కా. నువ్వు చేయి పెట్టి ప్రార్థన చెయ్యి" అంది.

ఆ బిడ్డ ఒంటి మీద చేయి పెట్టాను, వేడి చూడటానికి. ఆటో పిలిచి ఇద్దరినీ ఎక్కించుకుని దవాఖానాకు తీసుకుపోయాను. మలేరియా. ఇంకో పూట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమన్నారు. బిడ్డ బతికింది. ఆ పిల్ల నా కాళ్ళకు దండం పెట్టబోయింది. నీ ప్రార్థన వల్లే అంది. నేను ప్రార్థన చేయలేదే అంటే, మనసులో చేసి ఉంటావంది. మర్నాడు మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి నా తల పగిలిపోతోంది. అమ్మ అన్నం పెట్టబోయింది. కంచం తోసేశాను.

"నేను అబద్ధమాడిన" అన్నాను. "వాగు లేదు, పిలుపు లేదు. నీతోటి మందులు మింగిపియ్యడానికి సంఘం ముందర నిలబడి అబద్ధమాడిన. అప్పుడూ నమ్మలే, ఇప్పుడూ నమ్ముతలే. ఇగ నాతోని కాదు."

అమ్మ అన్నం గిన్నె మీద మూత పెట్టింది. గోడకు ఆనుకుని కూర్చుంది. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను.

"నేను గప్పటికే మింగుతున్న" అంది.

నాకు అర్థం కాలేదు.

"నువ్వు నిలబడ్డ ఆదివారం కంటే ముందు మంగళారం. బోరింగు కాడ దగ్గొచ్చి రక్తం పడ్డది. గింత గాదు, దోసెడు. వాగ్దానం యాదికి రాలే, నువ్వు యాదికి రాలే. డబ్బా యాదికొచ్చింది. బియ్యం గుమ్మిల దాచిన. ఉరికొచ్చి తీసుకొని మింగిన. దేవా అని గూడ అనలే." కొంగు అంచు వేలికి చుట్టుకుంది. "మింగినంక తెలిసింది, నా దగ్గర గూడ ఏం లేదని. చావంటే భయం లేదని నీతోటి అన్న గదా. ఉండె. మస్తుండె."

"మరి నన్నెందుకు నిలబెట్టినవ్?" అని అరిచాను. "ఆ రోజు నేను మింగుతున్న అని ఒక్క మాట చెప్తే అయిపోతుండె గదా!"

"నీకన్నా ఉంటదేమో అనుకున్న. ఇంట్ల ఒక్కళ్ళకన్నా ఉండాలె గదా బిడ్డా."

"నేను చెప్పింది నువ్వు నమ్మినవా?"

"అవ్" అంది. "నన్నెప్పుడు పిలవకపాయె. నా బిడ్డనైతే పిలిచిండు గదా అనుకున్న. గదే పట్టుకొని బతుకుతున్న ఇన్నేండ్లు."

ఇందాకే ఆమె చేతిలోంచి దాన్ని లాగేసింది నేనే. బడాయిగా, నిజం చెబుతున్నానన్న పొగరుతో లాగేశాను. ఆమె దేవుడి మీద నమ్మకం పెట్టుకోలేదు, నా మీద పెట్టుకుంది. ఆ సంగతి నాకు ఒక్క అరగంట ముందు తెలిసి ఉంటే, ఆ అబద్ధాన్ని చచ్చేదాకా మోసేదాన్ని. ఆమె మీద జాలిపడాలో, నన్ను ఇన్నేళ్ళు ఊళ్ళు తిప్పినందుకు కోప్పడాలో తెలియక అక్కడే నిలబడిపోయాను. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

"చాపలు దులుపు. ఐదింటికి వాళ్ళొస్తరు" అంది.

ఆ రోజు ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థన మా ఇంట్లో. దులిపి పరిచాను. పన్నెండు మంది వచ్చారు. కోయ పిల్ల బిడ్డ బతికిన సంగతి అప్పటికే వాడంతా పాకింది. వస్తూనే నన్ను కౌగిలించుకున్నారు, మీ ఇల్లు ప్రార్థనల ఇల్లు అన్నారు. పాట అయ్యాక, పెద్దదానివి నువ్వే చెయ్యమని అమ్మను అడిగారు. అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని మొదలుపెట్టింది. ఎప్పటిలాగే, అందరికంటే బాగా చేసింది. ఆ బిడ్డ కోసం చేసింది, వానల కోసం చేసింది, మమ్మల్ని పేరు పెట్టి పిలిచావు తండ్రీ అంటూ నా కోసం చేసింది. ఆడవాళ్ళు వెక్కి వెక్కి ఏడుస్తూ స్తోత్రం స్తోత్రం అంటున్నారు. నేను ఉండలేక కళ్ళు తెరిచాను. తలలు వంచుకుని, కళ్ళు మూసుకున్న పన్నెండు మంది మధ్య అమ్మ గొంతు ఎక్కడా తడబడకుండా సాగుతోంది. ఆమె కళ్ళు కూడా తెరిచే ఉన్నాయి. నన్నే చూస్తోంది.